15 లక్షల బెంజ్‌కు 40 లక్షల కారు ఖర్చులు

ప్రశ్న: నా వయసు 26. గుంటూరు లక్ష్మీపురంలో అమ్మానాన్నలతో ఉంటూ, విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరున్న ఆఫీసుకు రోజూ వెళ్లి వస్తున్నాను. నెలకు 82,000 రూపాయలు చేతికి వస్తుంది. అందులో ఇంటికి 15,000, చదువు రుణం వాయిదాకు 9,500, సిప్‌కు (మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే మదుపు) 10,000 పోతాయి. ఇంతవరకూ నాకు సొంత వాహనం లేదు. ఢిల్లీ రిజిస్ట్రేషన్ ఉన్న 2015 మోడల్ బెంజ్ సీ క్లాస్ డీజిల్ కారు, 68,000 కిలోమీటర్లు తిరిగినది, 15.5 లక్షలకు వస్తోంది. నా పొదుపు 4.5 లక్షలు, నాన్నగారు ఇస్తానన్న 3 లక్షలు, 14 శాతం వడ్డీకి నాలుగేళ్ల వ్యక్తిగత రుణం 8 లక్షలు కలిపి కొనాలని ఉంది. ఈ ధరకు కొత్త ఎస్‌యూవీ ఏదైనా వస్తుంది గానీ, దీనిలో భద్రతా ఎక్కువ, హోదా ఎక్కువ. పెళ్లి సంబంధాలు చూస్తున్న సమయంలో ఇంటి ముందు ఇలాంటి కారు ఉంటే బాగుంటుందని అమ్మ కూడా అంటోంది. ఆదివారంలోగా 50,000 అడ్వాన్సు ఇవ్వమంటున్నారు. కొనవచ్చా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఈ కారును ఈ డబ్బుతో ఇప్పుడు కొనవద్దనే నా సలహా. రోజూ బెంజ్ సర్కిల్ మీదుగా ఆఫీసుకు వెళ్లే కుర్రవాడికి బెంజ్ మీద మనసు పోవడంలో ఆశ్చర్యం లేదు, తప్పూ లేదు. కారు కూడా మంచిదే. 2014లో కార్లను ఢీకొట్టించి భద్రత కొలిచే యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో ఈ తరం సీ క్లాస్‌కు 5 నక్షత్రాలు వచ్చాయి కనుక భద్రత గురించి మీరన్న మాటను నేను కాదనను. నా అభ్యంతరమంతా మీరు దాని ఖరీదును లెక్కించిన తీరు మీదనే.

2015లో ఈ కారు షోరూమ్ ధర సుమారు 40 లక్షలు. పదేళ్లు దాటేసరికి అది 15.5 లక్షలకు దిగింది. అయితే దిగింది కారు ధర ఒక్కటే. దాని హెడ్‌లైటు, గేరుబాక్సు, ఏసీ కంప్రెసరు, స్టీరింగు ర్యాక్ ఇవేవీ కారుతోపాటు చవక కాలేదు. వాటిని ఇప్పటికీ 40 లక్షల కారు విడిభాగాలుగానే అమ్ముతారు. పైగా వాటిలో చాలా భాగాలు పాతబడి మార్పించుకోవలసి వచ్చేది సరిగ్గా ఈ వయసులోనే. మొదటి యజమాని ఎందుకు అమ్ముతున్నాడన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే ఉంది.

సొంత కారు లేనివారు నా దగ్గరికి వచ్చి సెకండ్ హ్యాండ్ కారు గురించి అడిగినప్పుడు నేను వాడే కొలత ఒకటుంది. కారును ఎంతకు కొన్నారన్నది పక్కన పెట్టి, కొత్తగా ఉన్నప్పటి ధరలో 3 శాతాన్ని ఏటా సర్వీసుకు, టైర్లకు, మరమ్మతులకు విడిగా తీసి ఉంచమంటాను. ఇది ఏ గ్రంథంలోదీ కాదు, ఇన్నేళ్లుగా బిల్లులు చూసి నేను పెట్టుకున్న మోటు లెక్క. మీ కారుకు ఆ ప్రకారం ఏటా 1,20,000, అంటే నెలకు 10,000 అవుతుంది. కొన్ని సంవత్సరాలు ఇందులో సగం కూడా ఖర్చు కాకపోవచ్చు. ఏదో ఒక సంవత్సరం మాత్రం మూడేళ్ల మొత్తం ఒకే బిల్లుగా వచ్చి కూర్చుంటుంది.

ఇక మీ నెల లెక్క చూద్దాం. 8 లక్షల రుణానికి 14 శాతం చొప్పున నాలుగేళ్లకు నెలవాయిదా సుమారు 21,900 రూపాయలు, మొత్తం వడ్డీ దాదాపు 2.5 లక్షలు. గుంటూరు నుంచి రానూపోనూ రోజుకు 70 కిలోమీటర్లు, నెలకు 22 రోజులు అనుకుంటే 1,540 కిలోమీటర్లు. లీటరుకు 14 కిలోమీటర్లు వచ్చి, డీజిల్ 97 రూపాయలు అనుకుంటే 10,700. బీమా ఏడాదికి 36,000 అనుకుంటే నెలకు 3,000. పైన చెప్పిన మరమ్మతుల నిధి 10,000. కాజ టోల్‌గేటు దగ్గర మీరు నెలకు 44 సార్లు దాటుతారు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు 200 దాటింపులతో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ తీసుకున్నా, పేరుకే వార్షికం గానీ మీకు నాలుగున్నర నెలలకే అయిపోతుంది. ఆ లెక్కన నెలకు 660. అన్నీ కూడితే 46,200 దాటకుండా ఉండదు. ఇంటికిచ్చేది, చదువు రుణం, సిప్ కూడా తీసేస్తే మీ 82,000లో మిగిలేది సుమారు 1,240 రూపాయలు. మీ ఫోను బిల్లూ, బట్టలూ, ఆఫీసులో మధ్యాహ్న భోజనమూ అందులోనే జరగాలి. ఇది కుదిరే పని కాదు కనుక మూడో నెలలోనే సిప్ ఆగుతుంది. ఆ తరువాత ఇంటికిచ్చే డబ్బు తగ్గుతుంది.

ఈ లెక్కలో ఇంకొక లోపం ఉంది. 4.5, 3, 8 కూడితే సరిగ్గా 15.5 వస్తుంది. అంటే పేరు మార్పిడికి, పన్నుకు, మొదటి ఏడాది బీమాకు, మొదటి సర్వీసుకు మీ దగ్గర పైసా లేదు. రేపు ఉద్యోగంలో ఏదైనా తేడా వస్తే నిలబడడానికి చేతిలో ఒక నెల జీతం కూడా ఉండదు. నాన్నగారి 3 లక్షలు ఏ నిధిలోంచి వస్తున్నాయో మీరు రాయలేదు. పదవీ విరమణ డబ్బులోంచి అయితే దాన్ని ముట్టుకోవద్దు.

వ్యక్తిగత రుణం ఎందుకు తీసుకోవలసి వస్తోందో మీరు ఆలోచించారా? పదేళ్లు దాటిన కారుకు చాలా బ్యాంకులు కారు రుణం ఇవ్వవు. కారు వయసు, రుణ కాలం కలిపి ఒక హద్దు దాటకూడదని నియమం పెట్టుకుంటాయి. తాకట్టు పెట్టుకోవడానికి బ్యాంకు వెనకాడే వస్తువును మీరు 14 శాతం వడ్డీకి కొంటున్నారు. 2015లో రిజిస్టరైన కారుకు 15 ఏళ్ల గడువు 2030లో ముగుస్తుంది. అప్పటికి మీ చివరి వాయిదా కూడా అటూ ఇటూగా ముగుస్తుంది. అప్పు తీరి కారు పూర్తిగా మీదయ్యే సమయానికి ఫిట్‌నెస్ పరీక్షకు, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు రవాణా కార్యాలయం ముందు నిలబడాలి.

బీమా గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మీ మొదటి కారు. మొదటి ఏడాది ఎంత జాగ్రత్తపరుడైనా ఎక్కడో ఒకచోట గీస్తాడు. పాత కార్లకు జీరో డిప్రిసియేషన్ పాలసీ, అంటే భాగాల తరుగుదల కోయకుండా చెల్లించే పాలసీ, సాధారణంగా దొరకదు. మామూలు పాలసీలో ప్లాస్టిక్, రబ్బరు భాగాల విలువలో 50 శాతం, పదేళ్లు దాటిన కారుకైతే లోహ భాగాల విలువలో కూడా 50 శాతం తరుగుదల కింద కోసేస్తారు. బంపరూ హెడ్‌లైటూ కలిసి లక్షన్నర బిల్లు అయిందనుకోండి, అందులో 75,000 దాకా మీ జేబులోంచే. 1,500 సీసీ దాటిన కారు కనుక ప్రతి క్లెయిములో తప్పనిసరి కోత మరో 2,000. ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం కూడా 2022 జూన్ నాటి ధరల పట్టికలో 1,000 సీసీలోపు కారుకు 2,094 ఉంటే, 1,500 సీసీ దాటిన కారుకు 7,897. అమ్మే వ్యక్తి ‘నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉంది’ అని ఊరిస్తే నమ్మకండి. క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే ఆ తగ్గింపు యజమానికి చెందుతుంది, కారుతో రాదు.

మరమ్మతుల సంగతికొస్తే, మన ఆటోనగర్‌లో లారీ ఇంజను నుంచి ట్రాక్టరు గేరుబాక్సు దాకా విప్పి బిగించగల చేతులున్నాయి. నేనూ నా పాత కారును అక్కడి షెడ్డుకే ఇస్తాను. కానీ విలాస కార్లలో చాలా భాగాలను మార్చాక కంపెనీ సాఫ్ట్‌వేరుతో కారుకు పరిచయం చేయాలి, లేకపోతే అవి పని చేయవు. ఆ పరికరం, ఆ అనుభవం ఉన్నవారు తక్కువ. పటమట నుంచి నా దగ్గరికి వచ్చే ఒక యువకుడు ఇలాగే ఒక విలాస సెడాన్ కొన్నాడు. మూడో నెలలో గేరుబాక్సు మొరాయించింది. భాగం తెప్పించి బిగించేదాకా కారు ఐదు వారాలు షెడ్డులో ఉంది. వాయిదా మాత్రం ఐదో తేదీకి ఠంచనుగా కట్ అయింది, అతను ఆఫీసుకు బస్సులో వెళ్లాడు. ఇదే జాతి కారును గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారం చేసే ఒక పెద్దమనిషి కూడా సెకండ్ హ్యాండ్‌లో కొని హాయిగా నడుపుతున్నారు. ఆయనకు ఇంట్లో అది మూడో కారు. షెడ్డుకు వెళితే ఇంకోదానిలో యార్డుకు వెళ్తారు, బిల్లు వస్తే నగదులోంచి కడతారు. ఒకే కారు ఉన్నవాడికి, ఆ ఒక్కటీ అప్పు మీద ఉన్నవాడికి ఈ వెసులుబాటు లేదు.

కారు ఢిల్లీది కావడం గురించి కూడా చెప్పాలి. ఢిల్లీ ప్రాంతంలో పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలు తిరగరాదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అందువల్ల ఏళ్ల తరబడి అక్కడి పదేళ్ల డీజిల్ కార్లు చవకగా ఇతర రాష్ట్రాలకు చేరాయి. మీకు కనిపిస్తున్న ధరలో ఆ చవకదనం ఉండవచ్చు. వేరే రాష్ట్రపు కారు 12 నెలలకు మించి ఇక్కడ ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను చెబుతుంది. దానికి అక్కడి రవాణా కార్యాలయం నుంచి ఫారం 28 మీద ఎన్‌వోసీ (నిరభ్యంతర పత్రం) కావాలి, ఆంధ్రప్రదేశ్ జీవితకాల పన్ను మళ్లీ కట్టాలి. ఆ పన్నుకు చూసేది కారు మొదటి ధర, దాని వయసు. మీరు 15.5కు కొన్నారన్నది అక్కడ లెక్కలోకి రాదు. ‘ఎన్‌వోసీ సిద్ధంగా ఉంది, మిగతాది మీరు చూసుకోండి’ అని మధ్యవర్తి చెప్పే ఆ ‘మిగతాది’ లక్షల్లో ఉండవచ్చు.

మరి మీకు కారు అవసరమా అంటే, రోజుకు 70 కిలోమీటర్లు తిరిగేవారికి అవసరమే. 2025 సెప్టెంబరు 22 నుంచి 4 మీటర్ల లోపు పొడవుతో 1,200 సీసీ లోపు పెట్రోలు ఇంజనున్న చిన్న కార్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అన్ని ఖర్చులతో 9 లక్షలకు వచ్చే కొత్త చిన్న కారును మీ పొదుపులోంచి 3 లక్షలు, 9 శాతానికి ఐదేళ్ల కారు రుణం 6 లక్షలతో కొంటే వాయిదా సుమారు 12,450. పెట్రోలు 9,400, బీమా 2,000, నా మోటు లెక్క ప్రకారం నిర్వహణ 2,250, టోల్ 660 కలిపి నెలకు 26,760 అవుతుంది. గమనించండి, ఇంధనం ఖర్చులో రెండు కార్లకూ పెద్ద తేడా లేదు. తేడా అంతా అప్పులోనూ, విడిభాగాల్లోనూ ఉంది. బెంజ్‌తో పోలిస్తే నెలకు 19,500 మిగులుతుంది, పొదుపులో 1.5 లక్షలు కదలకుండా ఉంటాయి, నాన్నగారి డబ్బు అక్కరే రాదు. భద్రత విషయంలో కూడా చిన్న కార్లు ఇదివరకటిలా లేవు. మారుతి డిజైర్‌కు 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పెద్దల రక్షణలో 5 నక్షత్రాలు ఇచ్చింది. వారంటీ ఉన్న మూడు నాలుగేళ్ల సెకండ్ హ్యాండ్ చిన్న కారు అయితే ఇంకా తక్కువలో వస్తుంది, నేనైతే డ్రైవింగు కొత్తవారికి అదే చెబుతాను.

అమ్మగారి మాట గురించి కూడా ఒక ముక్క. ఈ రోజుల్లో సంబంధం చూడడానికి వచ్చే పెద్దలు వాకిట్లో కారు చూసి సంతోషించినా, కాఫీ తాగేలోగా వాయిదా ఎంతని అడగడం నేను విన్నాను.

అయిదారేళ్ల తరువాత కూడా ఈ కోరిక ఇలాగే ఉంటే తప్పక కొనండి. అప్పటికి చదువు రుణం తీరి ఉండాలి. ఆరు నెలల ఖర్చులకు సరిపడా డబ్బు బ్యాంకులో విడిగా ఉండాలి. ఇంట్లో ఇంకో కారు ఉండాలి. కారుకు పెట్టే డబ్బు కాక 2 లక్షలు మరమ్మతుల కోసమే పక్కన ఉండాలి. అప్పుడు కూడా అయిదేళ్లు దాటనిదాన్ని, మన రాష్ట్రపు నంబరు ఉన్నదాన్ని చూడండి.

ఇంత చెప్పినా మీ మనసు దీని మీదే ఉంటే, కనీసం ఈ పనులు చేయండి. కారును కంపెనీ అధీకృత సర్వీసు కేంద్రానికి తీసుకెళ్లి, నంబరు ఆధారంగా సర్వీసు చరిత్ర తీయించండి. మీటరులో 68,000 కనిపిస్తూ, నాలుగేళ్ల కిందటి సర్వీసు కాగితంలో 90,000 ఉన్న కార్లు లేకపోలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు సింగ్‌నగర్ ప్రాంతంలో ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్లలో నానాయో మనం చూశాం. మరమ్మతు ఖర్చు బీమా విలువలో 75 శాతం దాటితే కంపెనీలు వాటిని పూర్తి నష్టంగా లెక్కగట్టి వేలానికి పంపుతాయి. అవి తుడుచుకుని, మెరుగుపెట్టుకుని మళ్లీ మార్కెట్లోకి వస్తాయి. ఏ ఊరి వరదకైనా ఇదే దారి, ఢిల్లీ కారు కదా అని వదిలేయకండి. సీటు బెల్టును చివరిదాకా లాగి బురద గీత ఉందేమో చూడండి, కార్పెట్ కింద తడిమి చూడండి, సీటు పట్టాల తుప్పు చూడండి. విలాస కార్లలో చాలావాటికి కంట్రోల్ యూనిట్లు సీట్ల కిందా, డిక్కీ అడుగునా ఉంటాయి. ఒకసారి నీరు తగిలితే అవి వెంటనే కాక నెలల తరువాత ఒకటొకటిగా పోతాయి.

రుణం ఏదైనా మిగిలి ఉందేమో రవాణా శాఖ వాహన్ పోర్టల్‌లో చూసి, ఉంటే రుణం తీరిందని బ్యాంకు ఇచ్చే ఫారం 35 అడగండి. కొన్న 14 రోజుల్లో బీమాను మీ పేరు మీదికి మార్పించుకోండి, లేకపోతే మీ కారుకు జరిగిన నష్టానికి క్లెయిము తిరస్కరిస్తారు. 2 లక్షలు, అంతకు మించిన మొత్తాన్ని నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నిషిద్ధం కనుక, సగం నగదు అడిగే అమ్మకందారు దగ్గర ఆగిపోండి. ఆదివారం గడువు గురించి కంగారు పడవద్దు. గుంటూరు రవాణా కార్యాలయంలో ఈ కారుకు జీవితకాల పన్ను ఎంత పడుతుందో కనుక్కుని, సర్వీసు చరిత్ర చేతికి వచ్చేదాకా ఆ 50,000 మీ ఖాతాలోనే ఉంచండి.