అద్దానికింత అని చెప్పే ముందు

ప్రశ్న: ఇళ్లకూ చిన్న దుకాణాలకూ కిటికీ అద్దాలు శుభ్రం చేసే పని మూడేళ్లుగా చేస్తున్నాను. ఇప్పుడు మొదటిసారిగా ఒక నాలుగంతస్తుల కార్యాలయ భవనానికి కొటేషన్ ఇమ్మని అడిగారు. దుకాణాల దగ్గర అద్దానికింత అని తీసుకుంటాను. ఇక్కడా అలాగే చెప్పవచ్చా, లేక చదరపు అడుగుల లెక్కన చెప్పాలా? ఎక్కువ చెబితే పని రాదేమో, తక్కువ చెబితే ఎదురు ఖర్చు పెట్టుకోవాల్సి వస్తుందేమోనని సందేహంగా ఉంది.

జవాబు: మీ సందేహం సరైనదే. అద్దానికింత, అడుగుకింత, గంటకింత అనేవన్నీ ధరను ఎదుటివారికి చెప్పే పద్ధతులు. ధరను మీరు తేల్చుకోవలసింది మాత్రం ఆ భవనానికి మీ మనుషుల సమయం ఎంత పడుతుందన్న లెక్క మీదే. చదరపు అడుగుల లెక్కను నమ్ముకుంటే దెబ్బతినే అవకాశం ఎక్కువ. ఒకే పెద్ద అద్దమైతే స్క్వీజీని, అంటే నీటిని లాగేసే రబ్బరు అంచు పరికరాన్ని, నాలుగైదుసార్లు లాగేసరికి పని అయిపోతుంది. అంతే వైశాల్యం 12 చిన్న గళ్లుగా ఉంటే ప్రతి గడికీ నాలుగు అంచులు తుడవాలి, మూలల్లో నిలిచిన నీటిని బట్టతో అద్దాలి.

అందుకే భవనం లోపలా బయటా తిరిగి చూడకుండా ధర చెప్పకండి. నేను తొలిసారి ఒప్పుకున్న కార్యాలయానికి బయట నిలబడి అద్దాలు లెక్కపెట్టి ధర చెప్పాను. పని రోజున లోపలికి వెళితే ప్రతి కిటికీకీ ఆనించి ఒక బల్ల, దాని మీద ప్రింటరు, ఫైళ్ల దొంతరలు, పూలకుండీలు, వాటి వెనక కిందిదాకా దించిన తెరలు. అద్దం తుడవడానికి పట్టిన సమయం కన్నా వాటిని జరిపి, మళ్లీ ఎక్కడివక్కడ సర్దడానికి పట్టిన సమయమే ఎక్కువైంది. ఇప్పుడు నా కొటేషన్‌లో మొదటి షరతు, కిటికీల ముందున్న సామాను వాళ్లే తీసి ఉంచాలన్నది.

అనుమతి అడిగి, ఒక 10 అద్దాలను రెండువైపులా మీ మామూలు వేగంతో తుడిచి చూడండి. అందుకు 25 నిమిషాలు పట్టిందనుకుంటే, 240 అద్దాలకు 10 గంటలు. దానికి సామాను దించడం, నీళ్లు మార్చడం, రానూపోనూ ప్రయాణం కలపండి. ఆ సమయానికీ జీతం ఇవ్వవలసిందే కదా.

పై అంతస్తుల లెక్క విడిగా వేయాలి. కింద నిలబడే పొడవాటి గొట్టపు కర్రతో, శుద్ధి చేసిన నీటితో కడగగలిగితే చాలా సమయం కలిసి వస్తుంది. ఆ నీటిలో కరిగిన లవణాలు టీడీఎస్ మీటరులో 10 పీపీఎం (పది లక్షల పాళ్లలో 10 పాళ్లు) లోపు ఉంటే, తుడవకుండా వదిలేసినా మరకలు పడకుండా ఆరుతుంది. కర్ర అందని చోట మనిషిని పైకెత్తే లిఫ్టు యంత్రం అద్దెకు తేవాలి, లేదా తాళ్ల మీద దిగే శిక్షణ ఉన్నవారిని పిలవాలి. ఆ ఖర్చును మీ రేటులో కలిపేయకుండా కొటేషన్‌లో వేరే పద్దుగా చూపండి.

మొదటిసారి శుభ్రం చేయడానికి ధర వేరుగా ఉండాలి, ఎందుకంటే ఏళ్ల తరబడి పేరుకున్న మట్టికీ నెల రోజుల దుమ్ముకూ పట్టే సమయం ఒకటి కాదు. కొత్త కట్టడమైతే మరీ జాగ్రత్త. సిమెంటు, రంగు చుక్కలు బ్లేడుతో గీకేటప్పుడు, టెంపర్డ్ అద్దం (కొలిమిలో కాల్చి గట్టిపరిచిన అద్దం) తయారీలో కొలిమి వేడికి పైన అతుక్కుపోయిన సన్నని గాజు రేణువులు బ్లేడు కింద ఊడి, అద్దం పొడవునా గీతలు పెడతాయి. ఆ గీతలకు మీ బాధ్యత ఉండదని ముందుగానే రాయించి సంతకం తీసుకోండి. అంగీకరించకపోతే ఆ పని వదులుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

చివరిగా లాభం. ఖర్చు 100 అయినప్పుడు 120 తీసుకుంటే 20 శాతం మిగిలిందని చాలామంది అనుకుంటారు. నిజానికి చేతికొచ్చిన 120లో మిగిలింది 16.7 శాతమే. 20 శాతం మిగలాలంటే 125 చెప్పాలి. బీమా, పరికరాల అరుగుదల, బిల్లు డబ్బు నెల తర్వాత అందడం వంటివన్నీ ఆ 100లోనే ఉన్నాయో లేదో చూసుకోండి.

ప్రశ్న: మరొకరు ఇంతకన్నా బాగా తక్కువకే చేస్తామన్నారని యజమాని అంటే తగ్గించవచ్చా?

జవాబు: రేటు తగ్గించకండి, పని తగ్గించి ఇవ్వండి. నెలనెలా బయటివైపు మాత్రమే చేసి లోపలివైపు మూడు నెలలకొకసారి చేస్తామనో, వచ్చేపోయేవారి కంటబడే కింది అంతస్తును నెలకూ, పైవాటిని మూడు నెలలకూ చేస్తామనో చెప్పి, రెండు ధరలూ ఒకే కాగితం మీద పెట్టండి. ఏడాదికి ఒప్పుకుంటే తగ్గిస్తామనేటప్పుడు ఆ తగ్గింపును మొదటి విడతకు వర్తింపజేయకండి. కష్టమంతా ఆ విడతలోనే ఉంటుంది, ఒప్పందం మధ్యలో ఆగిపోతే దాన్ని తిరిగి రాబట్టుకునే దారి ఉండదు.