నల్లముద్ద అయస్కాంతానికి ఎందుకు అంటుకుంటోంది?

ప్రశ్న: తొమ్మిదో తరగతి పిల్లలకు 5 గ్రాముల ఇనుప రజను, 3 గ్రాముల గంధకం పింగాణీ గిన్నెలో ఎర్రగా కాల్చి చూపించాను. సమ్మేళనం అయ్యాక అయస్కాంతానికి అంటుకోదని ముందే చెప్పాను. కానీ చల్లారిన నల్లముద్ద అంటుకుంటూనే ఉంది. పొరపాటు ఎక్కడ జరిగింది?
– ఒక సైన్స్ టీచర్

జవాబు: కొలతలు సరిగానే ఉన్నాయి. ఇనుము పరమాణు భారం 56, గంధకానిది 32. ఒకటికొకటి కలవాలంటే బరువులు 7కి 4 పాళ్లలో ఉండాలి. ఆ లెక్కన 5 గ్రాముల ఇనుముకు 2.86 గ్రాముల గంధకం చాలు. మీరు వేసింది కాస్త ఎక్కువే. అయితే అదంతా గిన్నెలో నిలవలేదు. గంధకం 115 డిగ్రీల దగ్గరే కరుగుతుంది. మూతలేని గిన్నెలో ఇంకా వేడెక్కితే నీలిమంటతో మండి, సల్ఫర్ డయాక్సైడ్‌గా గాలిలో కలిసిపోతుంది. ఘాటైన వాసనకు పిల్లలు దగ్గారంటే, ఇనుముకు చేరాల్సిన గంధకాన్ని ఆక్సిజన్ పట్టుకుపోయిందన్నమాట. జత దొరకని ఇనుమే అయస్కాంతానికి అంటుకుంటోంది.

ఈసారి పరీక్షనాళికలో చేయండి. తుప్పులేని సన్నని రజను 7 గ్రాములు, గంధకం పొడి 4 గ్రాములు కాగితం మీద రంగు ఒకేలా కనబడేదాకా కలపండి. రజను ముతకగా ఉంటే పైపొర మాత్రమే గంధకంతో కలిసి ఐరన్ సల్ఫైడ్ అనే సమ్మేళనం అయి, లోపల ఇనుము అలాగే మిగిలిపోతుంది. అందులోంచి 2 గ్రాములే నాళికలో వేసి, మూతి దగ్గర మండని ఖనిజ ఉన్ని వదులుగా పెట్టండి. గంధకం ఆవిరి బయటికి పోకుండా అది ఆపుతుంది. కింది కొనను వేడిచేస్తూ, నిప్పుకణికలా మెరుపు మొదలవగానే మంట తీసేయండి. ఆ మెరుపు తనంతట తానే పైకి పాకుతుంది. పిల్లలకు తప్పకుండా చూపించాల్సింది ఇదే! ఇనుము రెండు ఎలక్ట్రాన్లు వదులుకుని, గంధకం వాటిని తీసుకుని, రెండూ కలిసేటప్పుడు వెలువడే వేడే మిగతా పొడిని రాజేస్తోంది.

పూర్తిగా చల్లారాక నాళికను గుడ్డలో చుట్టి పగలగొట్టండి. పరీక్షకు మామూలు అయస్కాంతమే వాడండి. బలమైన నియోడిమియం అయస్కాంతానికి మంచి ఐరన్ సల్ఫైడ్ కూడా కొద్దిగా కదలవచ్చు. అందుకే "అసలు అంటుకోదు" అనకుండా "ఇనుములా అంటుకోదు" అని చెప్పడం మేలు. ఇంకా నమ్మకమైన పరీక్ష కావాలంటే, శనగగింజంత ముక్క మీద రెండు చుక్కల సజల హైడ్రోక్లోరికామ్లం వేయండి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే సల్ఫైడ్ ఉన్నట్టే. ఉత్త ఇనుమైతే వాసనలేని హైడ్రోజన్ వస్తుంది. ఆ కుళ్లు వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. అది విషవాయువు, కాబట్టి కిటికీ పక్కనే చేయండి. నాళికలో ముక్కు పెట్టనివ్వకండి.

ప్రశ్న: వెండి పట్టీలు నల్లబడితే తోమకుండా తెలుపు చేసే దారి ఉందా?

జవాబు: ఉంది. ఆ నలుపు కూడా గంధకం పనే. గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల వెండి పైపొర సిల్వర్ సల్ఫైడ్‌గా మారుతుంది. పొడి వేసి తోమితే ఆ పొరతో పాటు వెండీ అరిగిపోతుంది. దానికి బదులు గిన్నెలో అల్యూమినియం రేకు పరిచి, పట్టీలు దానికి తగిలేలా పెట్టండి. లీటరు వేడినీళ్లలో రెండు చెంచాల వంటసోడా, ఒక చెంచా ఉప్పు కలిపి పోయండి. అయిదు నిమిషాల్లో అల్యూమినియం గంధకాన్ని విడిపిస్తుంది, వెండి ఉన్నచోటే మిగులుతుంది. పట్టీ రేకుకు తగలకపోతే నలుపు పోదు. రాళ్లు అతికినవి, కావాలని నల్లరంగు పట్టించినవి మాత్రం ఇందులో వేయకండి.