కాళ్లు చాపుకుని కూర్చో, అమ్మలూ

చిరంజీవి అమ్మలుకు మామయ్య ఆశీస్సులు.

ఎవరెస్ట్ బేస్ క్యాంప్ నుంచి నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. "ఒంట్లో బాగానే ఉంది మామయ్యా, ఊరికే కూర్చోబెట్టారు, పిచ్చెక్కుతోంది" అన్నావు. పక్క టీమ్ వాళ్లు అప్పుడే రెండో రొటేషన్‌కి, అంటే ఒళ్లు ఎత్తుకి అలవాటు పడేలా పై క్యాంపులకు ఎక్కి దిగడానికి, వెళ్లిపోయారని టెన్షన్ కూడా పడుతున్నావు. చదివి నవ్వుకున్నాను. మొదటిసారి నేనూ ఇలాగే గింజుకున్నాను. కాకపోతే నీలా మెసేజ్ పెట్టి ఊరుకోలేదు. విశ్రాంతి రెండో రోజున, కాళ్లు పట్టేస్తాయన్న వంకతో, ఎవరికీ చెప్పకుండా ఎదురుగా ఉన్న గట్టెక్కాను. మూడు గంటల షికారు. పైన మంచి ఎండ, భలే అనిపించింది. ఆ రాత్రి తల పగిలిపోయింది. మర్నాడు అన్నం సయించలేదు. ఆ మర్నాడు దగ్గు పట్టుకుంది. మావాళ్లు క్యాంప్ 2కి బయల్దేరుతుంటే డైనింగ్ టెంట్ గుమ్మంలో నిలబడి చెయ్యి ఊపాను. దగ్గు తగ్గి మళ్లీ పైకి వెళ్లేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

నువ్వు క్యాంప్ 2 దాకా ఎక్కి దిగావు కదా. అక్కడ నువ్వు ఒంటికి పంపింది ఒక కబురు మాత్రమే, గాలి చాలడం లేదని. దానికి తగ్గట్టు ఒళ్లు మారడం నిదానంగా జరిగే పని, నువ్వు కిందికొచ్చి తిని పడుకుంటేనే అది సజావుగా సాగుతుంది. ఎరిథ్రోపోయెటిన్ అనే హార్మోన్‌ను కిడ్నీలు కొద్ది గంటల్లోనే పెంచేస్తాయి. కానీ దాని మాట విని ఎముక మజ్జ ఎర్రకణాలు తయారు చెయ్యడానికి వారాలు కావాలి. నువ్వు ఎక్కువగా ఊపిరి తీస్తున్నందువల్ల రక్తం క్షారం వైపు జరుగుతుంది. దాన్ని సర్దడానికి కిడ్నీలు బైకార్బనేట్‌ను మూత్రంలో బయటికి పంపుతుంటాయి. రాత్రి నాలుగుసార్లు లేవాల్సి వస్తోందని విసుక్కున్నావే, అందులో కొంత ఇదే. మంచి లక్షణమే. టెంట్‌లో ఒక సీసా పెట్టుకో, సిగ్గుపడకు. తాగే సీసాతో కలవకుండా దానికి రబ్బర్ బ్యాండ్ చుట్టు, చీకట్లో చేతికి తెలియాలి.

ఇంకో సంగతి. బేస్ క్యాంప్‌లో పడుకున్నంత మాత్రాన పూర్తిగా కోలుకుంటావనుకోకు. నువ్వున్నది 5,364 మీటర్ల ఎత్తున. అక్కడి గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదాంట్లో సగం కంటే కాస్తే ఎక్కువ. లోకంలో మనుషులు ఏడాది పొడుగునా కాపురముంటున్న అన్నిటికంటే ఎత్తైన ఊరు పెరూలోని లా రింకొనాడా. అది కూడా దాదాపు 5,100 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. 1960-61లో గ్రిఫిత్ ప్యూ అనే శరీరధర్మ శాస్త్రవేత్త, ఆయన బృందం నువ్వున్న ఎవరెస్ట్ ప్రాంతంలోనే 5,800 మీటర్ల ఎత్తున సిల్వర్ హట్ అనే చిన్న గుడిసెలో చలికాలమంతా ఉన్నారు. తిండి ఉంది, వెచ్చదనం ఉంది. అయినా బరువు తగ్గుతూనే వచ్చారు. అంటే అంత ఎత్తున ఒళ్లు ఒక పక్క అతుకు వేసుకుంటూనే ఇంకో పక్క చిరుగుతుంటుంది.

దీన్ని నేను నా వేలి మీద చూశాను. బూటు కింద కట్టుకునే ముళ్ల పట్టీ ఉంటుందే, ఆ క్రాంపాన్ తుడుస్తుంటే చూపుడు వేలికి చిన్న గాటు పడింది. గోరంత కూడా లేదు. మూడు వారాలైనా మానలేదు. పొద్దున్నే అంచులు దగ్గరికొచ్చినట్టుండేవి, బూటు లేసు బిగించగానే మళ్లీ విచ్చుకునేవి. సమ్మిట్‌కి ముందు మమ్మల్ని కిందికి, డింగ్‌బోచెకి పంపారు. ఆ ఊరు 4,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. నాలుగో రోజు పొద్దున చూసుకుంటే వేలి మీద కొత్త చర్మం. ఆకలీ తిరిగొచ్చింది, నిద్రా పట్టింది. అందుకే మీ లీడర్ కిందికి దిగి రమ్మంటే "అలవాటైన ఎత్తు పోతుందేమో" అని బెట్టు చెయ్యకు. నాలుగైదు రోజులకు అదెక్కడికీ పోదు. జాగ్రత్త పడాల్సింది జలుబుల దగ్గర. ఆ ఊళ్లలో ట్రెక్కింగ్ వాళ్లు కిక్కిరిసి ఉంటారు. లాడ్జ్ హాల్లో మూతికి బఫ్ గుడ్డ కట్టుకుని ఓ మూల కూర్చో. నిన్ను చూసి పొగరనుకున్నా పర్వాలేదు.

నిద్రలో ఊపిరి ఆగినట్టై ఉలిక్కిపడి లేస్తున్నానన్నావు. ఆ ఎత్తున చాలామందికి ఉండేదే. ఊపిరి పెరుగుతూ పోయి, తగ్గి, కాసేపు ఆగి, మళ్లీ పెద్దగా మొదలవుతుంది. దానికి నిద్రమాత్ర మాత్రం వేసుకోకు, కొన్ని మాత్రలు ఊపిరినే తగ్గిస్తాయి. మరీ ఇబ్బందైతే ఎత్తు జబ్బుకిచ్చే డయామాక్స్ మాత్ర గురించి క్యాంప్ డాక్టర్‌ని అడుగు.

పొద్దున ఎండ తగలగానే టెంట్ పొయ్యిలా కాలుతుంది, మబ్బు అడ్డం రాగానే వణుకు పుడుతుంది. ఈ రెండింటి మధ్య స్వెటర్ వేసుకుంటూ విప్పుకుంటూ ఉండడమే విశ్రాంతి రోజుల్లో పెద్ద వ్యాయామం. ఇంకోటి గమనించావా? నీ టెంట్ నీడన ఉన్న మంచు అలాగే ఉండి, చుట్టూ ఉన్నది కరిగిపోతుంది. రెండు మూడు వారాలకు టెంట్ అరుగు మీద పెట్టినట్టు తేలుతుంది, ఒక పక్కకి ఒరుగుతుంది. నిద్రలో జారి గోడకి అతుక్కుంటున్నావంటే అదే కారణం. రాళ్లు సర్ది నేల చదును చెయ్యి, కానీ ఒక్క ఊపులో వద్దు. పావుగంట చేసి, టీ తాగి, మళ్లీ పావుగంట. కాస్త అటూ ఇటూ నడవడం మంచిదే. నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలిగితే చాలు, మాట తెగుతోందంటే వెనక్కి తిరుగు. తలస్నానం మాత్రం గాలి లేని మధ్యాహ్నమే. బేస్ క్యాంప్‌లో ఉన్నా కళ్లద్దాలు తియ్యకు.

నీళ్ల గురించి వందసార్లు విని ఉంటావు. 1953 ఎవరెస్ట్ బృందాన్ని నీళ్లు బాగా తాగాలని పోరింది కూడా ఆ ప్యూ గారే. మూడు నాలుగు లీటర్లు, సూపుతోనో టీతోనో ఎలాగో లాగించు. ఆకలి లేకపోయినా గంటకోసారి ఏదో ఒకటి నోట్లో వేసుకో.

డైనింగ్ టెంట్‌లో అసలు జబ్బు రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే ఆక్సిమీటర్. ఒకడు వేలికి తగిలించుకుని 84 అంటాడు, ఇంకోడు 79 చూసి మొహం వేలాడేస్తాడు. చల్లటి వేలికి పెడితే అది తప్పుడు లెక్క చెప్తుంది. ముందు చెయ్యి వెచ్చబెట్టుకో, రోజుకోసారి ఒకే వేళకి చూడు, ఎవరికీ చెప్పకు. అంకె కంటే ఇవి చూసుకో. ఊరికే కూర్చున్నప్పుడు ఆయాసమొస్తోందా? ఒక కాలి వేళ్లకి ఇంకో కాలి మడమ ఆనించుకుంటూ గీత మీద నడిస్తే తూలుతున్నావా? ఈ రెండింట్లో ఏదున్నా దాన్ని అలసట అనుకుని పడుకోవద్దు. అర్ధరాత్రైనా సరే లేపి చెప్పు, కిందికి దిగాల్సిందే. నీ టెంట్‌మేట్ విషయంలోనూ అంతే.

పక్క టీమ్ గురించా? వాళ్లు ముందు వెళ్లినంత మాత్రాన గాలి వాళ్ల కోసం ఆగదు. శిఖరం మీద జెట్ స్ట్రీమ్ అనే హోరుగాలి పక్కకి జరిగేది మామూలుగా మే నెల మధ్యలోనే. అప్పటిదాకా ఎవరైనా చెయ్యగలిగేది ఒళ్లు కాపాడుకోవడమే. ఇక నువ్వు పడుకున్న పూట షెర్పాలు బరువులెత్తుకుని ఐస్‌ఫాల్ అనే పగుళ్ల మంచు వాలు దాటుతుంటే నామోషీగా ఉందన్నావు. అలా అనిపించడం మంచిదే, కానీ దానికోసం లేచి తిరగక్కర్లేదు. వాళ్లు దిగొచ్చినప్పుడు నీ కుర్చీ ఇచ్చి వేడి టీ అందించు.

పెదవి పగిలి రక్తం వస్తోందన్నావుగా. డింగ్‌బోచె వెళ్లాక నాలుగో రోజున ఓ ఫోటో తీసి పంపు. మీ అత్తయ్యకి చూపిస్తాను, నా వేలి కథ ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

ఇట్లు,
మామయ్య