పక్క గదిలో దగ్గు

తమ్ముడూ,

నీ స్క్రిప్ట్ చదివాను. ‘భయంకరమైన బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్’ అని పదకొండు చోట్ల రాశావు, లెక్కపెట్టాను. ఒళ్లు మండింది. నువ్వు చేయాల్సిన పనిని పదకొండుసార్లు సంగీత దర్శకుడి నెత్తిన వేశావు.

కథలో మనుషులకు వినిపించే శబ్దం వేరు, చూసేవాళ్లకు మాత్రమే వినిపించేది వేరు. మొదటిదాన్ని డైజెటిక్ అంటారు, రెండోది నాన్ డైజెటిక్. పేర్లు మర్చిపోయినా ఫర్వాలేదు, తేడా మర్చిపోకు. రెండోది తర్వాత ఎవరో ఒకరు కలుపుతారు. మొదటిది రాయాల్సింది నువ్వే. 1931లో ఫ్రిట్జ్ లాంగ్ తీసిన ‘ఎం’ సినిమాలో హంతకుడి ఈలను గుర్తుపట్టేది బెలూన్లు అమ్ముకునే, చూపులేని మనిషి. కథ అక్కడే మలుపు తిరుగుతుంది.

నీకూ అది చేతనవును. పద్నాలుగో సీన్‌లో కూతురు ఉత్తరం చదువుతుంటే పక్క గదిలోంచి తండ్రి దగ్గు వస్తూ ఉంటుంది. ఉన్నట్టుండి ఆగిపోతుంది. ఆమె తలెత్తుతుంది. తండ్రిని నువ్వు చూపించనే లేదు, అయినా నాకు ఆ మంచం కనిపించింది. ఆఫ్‌స్క్రీన్ స్పేస్ అంటే ఇదే, ఫ్రేమ్ అంచు దగ్గర ఇల్లు అయిపోదు. మరి వెంటనే ఆ వయొలిన్లు ఎందుకయ్యా? తీసెయ్.

నా మొదటి సినిమాకు ఫోలీ జరుగుతోంది. తెర మీద బొమ్మ చూస్తూ అడుగుల చప్పుడు, బట్టల రాపిడి కొత్తగా పుట్టించే పని అది. ఆ ఆర్టిస్ట్ నన్ను అడిగాడు: “అర్ధరాత్రి ఆమె లేచి నడుస్తోంది కదా, కాళ్లకు చెప్పులున్నాయా? నేల బండా, చెక్కా?” నాకు తెలియదు. రాసింది నేనే, నాకే తెలియదు! ఆ రాత్రి నిద్రపోలేదు. అతను మాత్రం వట్టి కాళ్లతో, బండ మీద, మడమ ఆనించకుండా నడిచి చూపించాడు. ఆమె ఎంత భయపడుతోందో నాకప్పుడు అర్థమైంది. చివరికి నిర్మాత వచ్చి “అడుగులెవరు వింటారు, మ్యూజిక్ పెంచండి” అన్నాడు. పెంచారు. ఆ కోపం నాకింకా తగ్గలేదు.

క్లైమాక్స్‌లో మృగం వచ్చే చోట ‘మిగతాది గ్రాఫిక్స్‌లో’ అని వదిలేశావు. గ్రాఫిక్స్ తర్వాత కలపడానికి కట్టే ఆకుపచ్చ తెర, అదే గ్రీన్ మ్యాట్, దాని ముందు నటుడికి కనిపించేది ఉత్త గుడ్డ. ఆ మృగం ఎంత ఎత్తు, ఎటునుంచి వస్తుందో నువ్వు రాయకపోతే అతను చూపు ఎక్కడ నిలపాలి?

కోర్సులో చేరాలా, ఎవరిని కలవాలి అని అడిగావు. అవి తర్వాత చూద్దాం. ముందు పద్నాలుగో సీన్ మళ్లీ రాసి పంపు. ఆ గది తలుపు తెరిచి ఉందో మూసి ఉందో కూడా రాయి, దాన్నిబట్టి దగ్గు మారుతుంది.