బ్లాంక్ సంగతి తర్వాత, ముందు రీల్ సీటు చూసుకో

ప్రశ్న అడిగింది కడప తమ్ముడు. స్కాట్లాండ్‌లోని అబర్డీన్‌లో ఉద్యోగం వచ్చిందట, అక్కడ సాల్మన్ చేప కోసం ఫ్లై రాడ్ (ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఎర, అంటే ఫ్లై, విసిరే గాలం కర్ర) విడిభాగాలు కొని తనే కట్టుకోవాలని ఉందట, బ్లాంక్, అంటే ఆ కర్ర ఒట్టి గొట్టం, ఏ కంపెనీది తీసుకోవాలి అని అడిగాడు. తమ్ముడూ, నేను అదే ఊళ్ళో ఆరేళ్ళు ఉన్నాను. డీ నదిలో తొడల్లోతు నీళ్ళలో నిలబడ్డాను. ఒకే రాడ్‌ని రెండుసార్లు కట్టాను, ఒకసారి తప్పుగా, ఒకసారి సరిగ్గా. అందుకని అనంతపురంలో కూర్చొని ఇంత ధైర్యంగా చెప్తున్నా: కంపెనీ గురించి నిద్ర చెడగొట్టుకోవద్దు.

బ్లాంక్ అంటే ఉత్త కార్బన్ గొట్టమే కదా. పేరున్న ఏ కంపెనీదైనా నువ్వు మొదటి ఐదేళ్ళు వేసే విసురుకి సరిపోతుంది. డీ నదికి రెండు చేతులతో విసిరే 14 అడుగులది, 9 నంబరు (అది మోసే లైన్ బరువు నంబరు), నాలుగు ముక్కలది తీసుకో, బస్సులో పడుతుంది. వేసవిలో నీళ్ళు తగ్గాక 12 అడుగులది హాయిగా ఉంటుంది కానీ మొదటి రాడ్‌గా వద్దు. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో, ఒంటిచేతి రాడ్ 9 వేరు, రెండు చేతుల రాడ్ 9 వేరు. ఒంటిచేతి 9 లైన్ మొదటి 30 అడుగుల బరువు 240 గ్రెయిన్లు, రెండు చేతుల దానికి రెట్టింపు పైమాటే. అంకె ఒకటే కదా అని లైన్ కొనేసి, రాడ్ వంగడం లేదని బ్లాంక్‌ని తిట్టేవాళ్ళని చాలామందిని చూశాను. ఇక హై మాడ్యులస్ కార్బన్ అని గంటలు గంటలు వాదించుకుంటారే, దానికి నాకు ఓపిక లేదు. అది తేలిగ్గా ఉంటుంది, బిర్రుగా ఉంటుంది, బరువైన ఫ్లై వచ్చి తగిలితే పుటుక్కున పగిలే భయమూ ఎక్కువే. 1922లో టే నదిలో జార్జినా బాలంటైన్ అనే ఆమె 64 పౌండ్ల సాల్మన్ పట్టింది, బ్రిటన్‌లో రాడ్‌తో పట్టిన సాల్మన్లలో ఈరోజుకీ అదే రికార్డు. అది ఎరకి పడిన చేప, ఫ్లైకి కాదు, అయినా చెప్తున్నా, అప్పటికి కార్బన్ రాడ్ అనేదే లేదు.

అసలు నేను చెప్పాలనుకున్నది రీల్ సీటు గురించి. లైన్ చుట్టే రీల్‌ని రాడ్‌కి బిగించే గొట్టం అది. దాని గురించి ఎవరూ అడగరు.

మొదటిసారి కట్టినప్పుడు డబ్బంతా బ్లాంక్ మీద పోశాను. సీటుకి వచ్చేసరికి చూడ్డానికి బాగుందని ఒకటి తీసుకున్నా. ఇంటికొచ్చి తొడిగితే బ్లాంక్‌కీ సీటు బెజ్జానికీ మధ్య చుట్టూ రెండు మిల్లీమీటర్ల పైన సందు. షాపులో అడిగితే మాస్కింగ్ టేప్ చుట్టి దాని మీద జిగురు పూసి తోసెయ్ అన్నారు, అందరూ అంతే చేస్తారట. నేనూ అంతే చేశాను. టేప్ చుట్టలు రెండు, నడుమ జిగురు, పైన సీటు. తెల్లారేసరికి రాయిలా బిగుసుకుంది. రెండేళ్ళు బాగానే ఉంది కూడా, అదే నన్ను మోసం చేసింది.

మూడో సెప్టెంబరులో ఒక శనివారం సాయంత్రం. శనివారం అని ఎందుకు గుర్తుందంటే స్కాట్లాండ్‌లో ఆదివారం సాల్మన్ పట్టడం చట్టప్రకారం నిషేధం, ఆ రోజు పోతే మళ్ళీ సోమవారం దాకా ఆగాల్సిందే, సెలవు పెట్టాల్సిందే. పొద్దుటి నుంచీ సన్నటి తుంపర. ఫ్లై ప్రవాహానికి అడ్డంగా మెల్లగా తిరుగుతోంది, లైన్ చివర బరువెక్కినట్టయింది. మన చెరువులో వాలుగ లాగినట్టు గుంజదు సాల్మన్, ఎవరో తలుపు మెల్లగా మూసినట్టు ఉంటుంది. రాడ్ ఎత్తాను, రీల్ పాడడం మొదలుపెట్టింది, చేప కిందికి పరుగు తీసింది. అప్పుడు నా చేతిలో ఏదో కదిలింది. కింద వేలాడాల్సిన రీల్ పక్కకి తిరిగింది. రాడ్ పొడవునా లైన్ పోయే రింగులు కిందికే ఉన్నాయి, రీల్ మాత్రం గడియారం ముల్లులా ఎడమకి పోతోంది. లైన్ మొదటి రింగు అంచుకి ఒరుసుకుంటోంది. ఎడమచేత్తో రీల్‌ని పట్టుకుని సరిచేయబోయాను, నా వేళ్ళు రీల్ పిడికి తగిలి రీల్ అర క్షణం ఆగింది, అంతే. లైన్ చివర ఫ్లై కట్టే సన్నటి దారం, లీడర్, తెగిన చప్పుడు కూడా వినపడలేదు, రాడ్ ఉత్తగా నిటారుగా అయిపోయింది.

ఆ రేవు చూసుకునే పెద్దాయన (అక్కడ గిల్లీ అంటారు) ఒడ్డున ఉన్నాడు. రాడ్ అడిగి తీసుకుని, సీటుని రెండు చేతులతో మెలితిప్పితే సీసా మూతలా ఊడొచ్చింది. లోపల టేప్ తడిసి, అన్నం మెతుకుల్లా చిదిమితే చిదిగిపోతోంది. "నీళ్ళు తాగింది" అన్నాడు, అంతకు మించి ఒక్క మాట అనలేదు. టేప్ అంచులు జిగురుతో పూర్తిగా మూసుకోకపోతే నీళ్ళు లోపలికి పాకుతాయి, రెండేళ్ళు పాకాయి. ఆ చేపని ఎలాగూ వదిలేసేవాణ్ణే, అక్కడ పట్టిన సాల్మన్‌ని దాదాపు అందరూ వదిలేస్తారు. కానీ దాని ముఖం చూడలేదు. అది ఈరోజుకీ నన్ను తినేస్తోంది.

కాబట్టి తమ్ముడూ, సీటు కొనేటప్పుడు బెజ్జం కొలత బ్లాంక్ మందానికి వీలైనంత దగ్గరగా ఉన్నది తీసుకో. మిగిలిన సందుకి టేప్ కాదు, బెండుతోనో గట్టి ఫోమ్‌తోనో చేసిన బుష్, అంటే సందు నింపే తొడుగు, వెయ్యి. దాని బెజ్జాన్ని బ్లాంక్‌కి తగ్గట్టు అరగదీయాలి. పాత రాడ్ ముక్కకి గరుకు కాగితం అంటిస్తే అదే ఆకురాయి. బ్లాంక్ మీద మెరుపు పోయేదాకా పల్చగా రుద్ది, స్పిరిట్‌తో తుడిచి, నిదానంగా ఆరే, రెండు భాగాలు కలిపి వాడే ఎపాక్సీ జిగురు పెట్టు. ఐదు నిమిషాల జిగురు జోలికి పోవద్దు. రీల్ కొన్నాకే సీటు కొను, కొన్ని రీళ్ళ పాదం కొన్ని సీట్లలో కూర్చోదు. పైగా 14 అడుగుల రాడ్‌కి బరువైన రీలే మంచిది, లైన్‌తో సహా బిగించి పై చెయ్యి పట్టే చోట వేలి మీద పెడితే తక్కెడలా నిలవాలి. తేలికైన రీల్ కొని మురిసిపోయినవాళ్ళు మధ్యాహ్నానికి భుజం నొప్పి అంటారు.

హ్యాండిల్ బెండు గురించి కూడా ఒక మాట. మనవైపు గాలానికి కట్టే జీలుగ బెండు కాదు, ఇది పోర్చుగల్, స్పెయిన్‌లలో ఓక్ చెట్టు బెరడు. చెట్టుకి పాతికేళ్ళు వచ్చాక మొదటిసారి వలుస్తారు, ఆపైన 9 ఏళ్ళకోసారి. అందుకే మంచి బెండు ఖరీదు. చవకదానిలో గుంటలన్నీ పొడీ జిగురూ కలిపి పూడుస్తారు, కొత్తలో నున్నగా మెరుస్తుంది, ఒక్క సీజన్‌కి పూత రాలి ఎలుక కొరికినట్టవుతుంది. రెడీమేడ్ హ్యాండిల్ నా అరచేతికి మరీ లావు, ముంజేయి పట్టేసేది. రెండోసారి అరంగుళం బెండు రింగులు కొని, ఒకదానికొకటి అంటించి, డ్రిల్లుకి బిగించి గరుకు కాగితంతో నా చేతికి సరిపడా చెక్కుకున్నాను. పై హ్యాండిల్ 15 అంగుళాలు, కిందది 5. ఏ కంపెనీ బ్లాంకూ ఇవ్వని సుఖం అది.

లైన్ పోయే రింగులు పెద్దవే వెయ్యి. లైన్ ముడులు అడ్డం లేకుండా పోవాలి, ఫిబ్రవరి చలిలో రింగుల్లో మంచు కడుతుంది, చిన్నవైతే ముందు మూసుకుపోతాయి. దాదాపు అడుగుకి ఒకటి, చివర టిప్ రింగు. టేప్‌తో తాత్కాలికంగా అంటించి, రాడ్‌ని వంచి, లైన్ ఆ వంపు వెంటే పోతోందా చూసుకుని అప్పుడు దారం చుట్టు. ఇక్కడ టేప్ పరవాలేదు.

దారం మాట వచ్చింది కాబట్టి. రెండోసారి కట్టింది ధర్మవరంలో, మా మేనత్త ఇంట్లో. ఆమె నలభై ఏళ్ళు అచ్చు అతికిన మనిషి, పడుగు పోగులు చీకట్లో ఇచ్చినా ముడివేస్తుంది. నేను నైలాన్ దారం తీస్తే పక్కన పడేసి, "పట్టు ఇంట్లో పెట్టుకొని ఇదేందిరా" అంది. పాత వెదురు రాడ్లన్నీ పట్టుదారంతో కట్టినవే కాబట్టి నేనూ సరే అన్నాను. రింగు పాదాన్ని ఆకురాయితో పల్చగా అరగదీసి ఇస్తే, దారం పాదం ఎక్కేచోట ఒక్క సందు లేకుండా చుట్టింది. నేను చుట్టినప్పుడు ప్రతిచోటా సందే. "బిగువు చేతికి తెలియాల, కంటికి కాదు" అనేది మాటిమాటికి. దారం కదలకుండా పైన ఎపాక్సీ పూత వేయాలి, పసుపు పట్టు మీద అది పూయగానే రంగు మాయమై కింద రింగు పాదం గాజులోంచి చూసినట్టు కనపడింది, అత్త ముఖం చిన్నబోయింది. రంగు నిలవాలంటే ముందు కలర్ ప్రిజర్వర్ పూయాలి, నేను పూయలేదు. మెరూన్ దాదాపు నల్లగా అయింది కానీ అందంగానే ఉంది.

ఎపాక్సీ కారిపోకుండా రాడ్‌ని చిన్న మోటారు మీద గంటల తరబడి తిప్పుతూ ఉండాలి. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం రెండింటికి పూయగానే కరెంటు పోయింది. చెప్పాపెట్టకుండా తీసేస్తారు, ఫోన్ చేస్తే లైన్ పని అంటారు, పాడైన పనికి జవాబు చెప్పేవాళ్ళుండరు. నేనూ, మా బావ కొడుకూ వంతులేసుకుని చేత్తో తిప్పాము. మన ఎండకి ఎపాక్సీ త్వరగా గట్టిపడటం ఒక్కటే కలిసొచ్చింది, కానీ అదే ఎండకి గిన్నెలో ఉన్నది పది నిమిషాలకే తీగలు సాగింది. కాబట్టి కొంచెం కొంచెంగా కలుపుకో, లేదా తెల్లవారుజామున పని పెట్టుకో.

ఆ రాడ్‌తో ఆ తర్వాత రెండు సీజన్లు డీలో ఆడాను, రీల్ వెంట్రుకవాసి కదల్లేదు. ఇప్పుడది అత్త ఇంట్లో మగ్గం పక్క గోడకి ఉంది. నువ్వు వెళ్ళేలోపు ఒక ఆదివారం ధర్మవరం వస్తే చెరువు కట్ట మీద విసిరి చూద్దువుగానీ, ఇక్కడ ఆదివారానికి అడ్డేం లేదు. ఆరింటికల్లా రా, ఎనిమిది దాటితే గాలి లేస్తుంది. నీ అరచేయి ఆ హ్యాండిల్ మీద పెట్టి కొలుచుకుని, ఆ తర్వాత ఆర్డర్ పెట్టు.