లయ తప్పిన వాక్యం

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. భాష బాగుంది. ఇక అసలు సంగతికి వస్తాను.

రెండో పేజీలో "ఒక్క క్షణం గుండె కొట్టుకోవడం మరిచిపోయింది" అని రాశావే, అక్కడ నాకు ఒళ్లు మండింది. మరిచిపోవడమేమిటి? చాలాసార్లు అక్కడ జరిగేది వేరు. ఒక స్పందన రావలసిన వేళకన్నా ముందే వచ్చేస్తుంది. అప్పటికి గుండె గదిలో రక్తం సరిగా నిండదు, కణాల్లో సంకోచం పుట్టించే కాల్షియం సర్దుకోదు. అందుకే అది నీరసంగా ఉంటుంది. నాడి పట్టుకుని కూర్చున్నవాడి వేలికి అందకపోవచ్చు కూడా. తరవాత కాస్త ఎడం. ఆ ఎడం దాటాక వచ్చేది మామూలుకన్నా గట్టిగా వస్తుంది. నువ్వు ఉలిక్కిపడ్డది దానికే. మొదటిదాని తొందరపాటుకు రెండోది లెక్క కడుతోంది. ఇంత కథనూ నీ "మరిచిపోయింది" మింగేసింది.

నేనేమీ తక్కువ తినలేదులే. నా మొదటి వ్యాసంలో గుండెను గడియారంతో పోల్చాను. అచ్చయింది, మురిసిపోయాను. అది చదివిన ఒక పరిశోధకుడు తన ప్రయోగశాలకు రమ్మని తెర ముందు కూర్చోబెట్టాడు. ద్రావణంలో గోరంత గుండె కండరం. సెకనుకొకటి చొప్పున చిన్న విద్యుత్ తాకిడి. ఒక్కో తాకిడికీ కణంలో రేగి చల్లారే విద్యుత్తు తెర మీద ఒక్కో మూపురంలా, అన్నీ అచ్చుగుద్దినట్టు. ఉన్నట్టుండి ఒక తాకిడిని ముందుగా ఇచ్చాడు. ఆ మూపురం పొట్టిగా ముగిసిపోయింది. కణం పొరలోని కాల్షియం ద్వారాలు ఇంకా తేరుకోలేదు, పొటాషియం ద్వారాలు పూర్తిగా మూసుకోలేదు, అందుకని కణం తొందరగా విశ్రాంతిలోకి జారిపోయింది. ఆ తరవాత వేగం రెట్టింపు చేసి "చూస్తూ ఉండండి" అన్నాడు. మూపురం చటుక్కున కురచయింది. అక్కడితో ఆగలేదు, నిమిషాల తరబడి ఇంకాస్త, ఇంకాస్త తగ్గుతూ పోయింది. మళ్లీ పాత వేగానికి దించాడు. పాత పొడవు వెంటనే రాలేదు! గడియారానికి వెనకటి టిక్కు గుర్తుండదు కదా. ఇంటికొచ్చి నా వ్యాసం తీసి చూసుకుంటే సిగ్గేసింది.

దిద్దుబాటుగా ఇంకోటి రాసి పంపాను. అందులో అమెరికా శరీరధర్మ శాస్త్రవేత్త బౌడిచ్ ఉన్నాడు. 1871లో లైప్‌జిగ్‌లో కప్ప గుండెతో పనిచేస్తూ, కాసేపు ఆపి మళ్లీ తాకిడి మొదలుపెడితే సంకోచాలు మెట్లు మెట్లుగా ఎదగడం చూశాడు. తాకిడి బలం అదే. ఒక్కో సంకోచాన్ని పెంచింది దానికి ముందు జరిగినవే. సంపాదకుడుగారు ఆ పేరా మొత్తం కోసేశారు. "పాతకాలపు కప్పలెందుకండీ, గుండెకు మంచి చేసే అలవాట్లు చెప్పండి" అన్నారు. ఆ కోత ఇంకా మంటగానే ఉంది. ఇప్పటివాళ్లు మరీను, ప్రతి పేరా "మీకు తెలుసా?"తో మొదలవ్వాలట. ఆ జబ్బు నీకూ అంటింది, మూడుచోట్ల కనబడింది.

ముందేం జరిగిందో చెప్పకుండా ఇప్పుడేం జరిగిందో చెప్పొద్దు. నాకున్న పట్టింపు ఇదొక్కటే, చాదస్తమనుకున్నా ఫరవాలేదు.

నీ మాట నన్నెందుకంత కుట్టిందో కూడా చెబుతాను. గుండెకు తాకిడి ఇచ్చే పేస్‌మేకర్ యంత్రం కొన్నాళ్లు కుడి జఠరిక (గుండె కింది కుడి గది) నుంచి గుండెను నడిపించిందనుకో. దాన్ని ఆపాక గుండె తన సొంత దారికి వచ్చేస్తుంది. కానీ ఈసీజీలో టీ తరంగం, అంటే కొట్టుకున్నాక జఠరికలు తేరుకోవడాన్ని చూపే అల, కొన్ని లీడ్‌లలో (గుండెను వేర్వేరు కోణాల నుంచి చూపే గీతల్లో) తలకిందులుగానే ఉండిపోతుంది, రోజులు, ఒక్కోసారి వారాలు. కొట్టుకునే దారి మారినా, పాత దారి గుర్తు పోదు. సంగతి తెలియని డాక్టరు గుండెకు రక్తం అందడం లేదని కంగారుపడే ప్రమాదముంది. 1982లో అర్జెంటీనాకు చెందిన రోసెన్‌బామ్ బృందం దీనికి పెట్టిన పేరేమిటో తెలుసా? గుండె జ్ఞాపకం. వైద్యులు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. అలాంటిదానికి నువ్వు మతిమరుపు అంటగట్టావు.

కలం పేరు గురించీ, ఏ పత్రికకు పంపాలన్న దాని గురించీ ఏదో అడిగావు. ఇప్పుడు ఓపిక లేదు. ముందు రెండో పేజీ తిరగరాయి. తొందరపడి వచ్చిన ఆ స్పందన దగ్గరే మొదలుపెట్టు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు