ఆటల ప్రశ్నలు: టబ్బరడోరా కెప్టెన్ లెక్కలు

ప్రశ్న: ఐర్లాండ్ పాతతరం హర్లింగ్ (కర్రలతో బంతిని కొట్టే ఐర్లాండ్ ఆట) వీరుడు మైకీ మాహర్ మొదటి ఆల్ ఐర్లాండ్ (జాతీయ ఛాంపియన్‌షిప్) టైటిల్ 1895లో గెలిచాడని ఒకచోట, 1896లో అని ఇంకోచోట చదివాను. ఏది నిజం?

జవాబు: రెండూ నిజమే. మొదటిది పోటీ సంవత్సరం, రెండోది ఫైనల్ ఆడిన సంవత్సరం. అప్పట్లో ఈ రెండింటికీ పొంతన ఉండేది కాదు. 1895 ఫైనల్ డబ్లిన్ జోన్స్ రోడ్ మైదానంలో (ఇప్పటి క్రోక్ పార్క్) 1896 మార్చి 15న జరిగింది. అదే రోజు అక్కడే గేలిక్ ఫుట్‌బాల్ (ఐర్లాండ్ వాళ్ల ఫుట్‌బాల్) ఫైనల్ కూడా జరిగింది, అదీ మాహర్ కౌంటీ (జిల్లా లాంటిది) టిపరరీయే గెలిచింది. ఇక హర్లింగ్‌లో 1896 ఫైనల్ ఆడింది 1898 మార్చి 27న. 1898 ఫైనల్ 1900 మార్చి 25న, 1899ది 1901 మార్చిలో, 1900ది 1902 అక్టోబరు 26న జరిగాయి. మాహర్ పతకాలు ఈ అయిదే.

చాలామంది బోల్తా పడేది 1898 దగ్గర. ఆ ఏడాది మార్చిలో 1896 ఫైనల్ జరిగింది, టిపరరీ గెలిచింది. నవంబరులో 1897 ఫైనల్ జరిగితే లిమరిక్ గెలిచింది. 1898 టైటిల్ తేలడానికి 1900 దాకా ఆగాలి. అందుకే పట్టిక రాసేటప్పుడు పోటీ సంవత్సరానికి ఒక వరస, ఆడిన తేదీకి మరో వరస పెట్టుకోండి. ఒక్క వరసలో ఇరికిస్తే మాహర్ టైటిళ్లు రెండుసార్లు లెక్కకొస్తాయి, లేదా ఒకటి మాయమవుతుంది.

ప్రశ్న: ఆయన ఆడింది టిపరరీకా, టబ్బరడోరాకా?

జవాబు: రెండింటికీ! ఆ రోజుల్లో కౌంటీ ఛాంపియన్ అయిన క్లబ్బే కౌంటీ పేరుతో బరిలోకి దిగేది. టబ్బరడోరా అనేది కాషెల్ దగ్గర బోహర్లాహన్ ప్రాంతంలోని చిన్న పల్లె. 1895, 1896, 1898 టైటిళ్లలో టిపరరీ అంటే ఆ పల్లె క్లబ్బే, కెప్టెన్ మాహరే. 1899, 1900లలో మాత్రం జట్టును నడిపింది వేరేవాళ్లు, ఆయన ఆటగాడు మాత్రమే. కాబట్టి 'అయిదుసార్లు గెలిచిన కెప్టెన్' అని రాస్తే తప్పు. పతకాలు అయిదు, కెప్టెన్‌గా మూడు. ఆ మూడు కూడా మామూలు సంగతి కాదు: తర్వాత కిల్కెనీ నుంచి డ్రగ్ వాల్ష్ (1907, 1909, 1913), కార్క్ నుంచి క్రిస్టీ రింగ్ (1946, 1953, 1954) ఆ స్థాయికి చేరారు.

ప్రశ్న: 7-13, 3-10 అని ఉన్న స్కోరును ఎలా చదవాలి?

జవాబు: గీతకు ముందు గోల్స్ (బంతి అడ్డకర్ర కింద నుంచి వెళ్లినవి), తర్వాత పాయింట్లు (దాని మీదుగా వెళ్లినవి). 1898 ఫైనల్లో టిపరరీ 7-13, కిల్కెనీ 3-10. గోల్‌కు 3 పాయింట్ల చొప్పున 34, 19 వస్తాయి. అయితే ఈ సూత్రాన్ని అన్ని పాత మ్యాచ్‌లకూ వాడకండి. 1892కు ముందు ఒక్క గోల్ ఎన్ని పాయింట్లనైనా మింగేసేది. 1892లో గోల్‌ను 5 పాయింట్లు చేశారు, 1896లో 3కు దించారు. ఫైనల్ సరిగ్గా ఆ మలుపులోనే జరిగింది కాబట్టి 1895 స్కోరును (6-8, 1-0) విడదీయకుండా అలాగే రాయడం మేలు. ఇంకో తేడా, 1910 దాకా గోల్‌కు ఇరువైపులా అదనపు స్తంభాలు ఉండేవి, వాటి మధ్య నుంచి వెళ్లినా పాయింటే. అంటే ఆ 13 పాయింట్లన్నీ అడ్డకర్ర మీదుగా వెళ్లినవని అనుకోవద్దు. జట్టుకు ఆటగాళ్లు కూడా 15 కాదు, 17 మంది.

ప్రశ్న: ఆయన ఎత్తిన కప్పు ఇప్పుడు ఎక్కడుంది?

జవాబు: మాహర్ ఆ కప్పు ఎత్తనే లేదు. ఆల్ ఐర్లాండ్ హర్లింగ్ విజేతకు ఇచ్చే లియామ్ మెకార్తీ కప్పు 1921 పోటీతో మొదలైంది, ఆ ఫైనల్ కూడా 1923లో జరిగింది.